నల్లమల అంచున ఒక రాత్రి: ఇంటిల్లిపాదీ టెంటు వేసుకుని పడుకోవాలంటే

పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి కొండ కింద టెంటులో ఒక రాత్రి పడుకుని రావాలంటే ఏమేం చూసుకోవాలని ఈ మధ్య మా చుట్టాల్లోనే నలుగురైదుగురు అడిగారు. అందరికీ ఫోన్లో చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా. మేముండేది కర్నూలు. మా ఆయన, నేను, అత్తమ్మ, పదేళ్ల పెద్దోడు, ఐదేళ్ల చిన్నది, వీలైతే మా తమ్ముడు, మొత్తం ఆరుగురం. నాలుగేళ్లుగా చలికాలం వస్తే ఒకసారో రెండుసార్లో నల్లమల అంచుకు పోయి వస్తున్నాం. అడవిలో రోజుల తరబడి తిరిగే కుర్రాళ్ల కోసం కాదు ఇది, మాలాగా ఇంటిల్లిపాదినీ కారెక్కించుకుని పోయేవాళ్ల కోసం.

మొదటిసారి పోయినప్పుడు మేం చేసిన తప్పు టెంటులోనో వంటలోనో లేదు, టైంలో ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరదామనుకున్నది మూడున్నర అయింది. నంద్యాలలో టీ తాగాం, పిల్లలకు ఏదో కొనాలని ఆగాం, మర్చిపోయిన కొవ్వొత్తుల కోసం ఇంకోచోట ఆగాం, మహానంది దగ్గర మా పెద్దమ్మ కొడుకు తోట చేరేసరికి ఏడు. నవంబర్ నెల, చిమ్మచీకటి. ఫోన్ లైటు ఒకరు పట్టుకుంటే ఇంకొకరు టెంటు పుల్లలు దూరుస్తున్నాం, చిన్నది ఆకలికి ఏడుస్తోంది. తోట చివర మెత్తగా, చదునుగా, ఇసుక పరిచినట్టున్న జాగా కనిపిస్తే ఇంతకన్నా ఏం కావాలని అక్కడే వేసేశాం. గంట తర్వాత పక్క తోట పెద్దాయన బ్యాటరీ లైటు వేసుకుంటూ వచ్చి, "ఏం మ్మా, వంకలో పండుకుంటారా? పైన కొండలో మెరుస్తా ఉంది, లెయ్యండి, పిల్లోళ్లను లేపండి" అన్నాడు. ఆయనే దగ్గరుండి సామానంతా గట్టు మీదికి మోయించాడు. మా మీద ఒక్క చినుకు పడలేదు. తెల్లారి చూస్తే మేం పడుకున్న చోట మోకాలి లోతున ఎర్రనీళ్లు పారుతున్నాయి.

పొద్దుండగా వచ్చి ఉంటే అది వంక అని పెద్దోడు కూడా చెప్పేవాడు. రెండు పక్కలా మట్టి నిలువునా కోసుకుపోయి ఉంది, చెట్ల మొదళ్లకు నడుమెత్తున పాత చెత్త, ఎండు గడ్డి చుట్టుకుని ఉంది. చీకట్లో అవేవీ కనిపించవు. అందుకే నేను అందరికీ మొట్టమొదట చెప్పేది ఒకటే, మధ్యాహ్నం మూడు కల్లా అక్కడ దిగాలి. మిగతా ప్లానంతా ఆ మూడు గంటల నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. డిసెంబర్లో ఐదూ ముప్పావుకు పొద్దు గుంకుతుంది, ఆరుంబావుకు పూర్తి చీకటి. జాగా వెతకడానికి అరగంట, టెంటు వేయడానికి గంట, వంటకు గంట, చుట్టుపక్కల తిరిగి చూసుకోవడానికి కాస్త, ఇవన్నీ వెలుతురులో అయిపోవాలి. కర్నూలు నుంచి నంద్యాల 70 కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి నుంచి మహానంది ఇంకో అరగంట. ఇంట్లోంచి పదకొండుకు కదిలితే నెమ్మదిగా చేరొచ్చు. సామాను ముందురోజు రాత్రే కారులో పెట్టేయండి, పొద్దున పెడదామనుకున్నారా, మూడు కాస్తా ఐదవుతుంది.

ఎక్కడ వేయాలి

కొండ కనిపించిన చోటల్లా టెంటు వేయడం మన దగ్గర కుదరదు. నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్, విస్తీర్ణంలో దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా అభయారణ్యం లోపలికి పోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రిజర్వ్ ఫారెస్టులో మంట పెడితే 1967 నాటి మన రాష్ట్ర అటవీ చట్టం కింద కేసవుతుంది. కడప వైపు పాలకొండలు, లంకమల, శేషాచలం అంచులకు పోయేవాళ్లకైతే ఇంకో చిక్కుంది, ఎర్రచందనం. ఆ చెట్టు సహజంగా పెరిగేదే ఈ కొండల్లో కాబట్టి దొంగల కోసం సిబ్బంది రాత్రంతా కాపు కాస్తుంటారు, చీకట్లో అడవి దారిలో కారు ఆపి లైట్లు తిప్పుతుంటే మీరు ఎవరో వాళ్లకు తెలియదు. ఆ లంకమల చాలా గొప్ప చోటు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనబడింది అక్కడే, దాని కోసమే అభయారణ్యం పెట్టారు. రాత్రిపూట తిరిగే పిట్ట అది. అలాంటి చోట మన స్పీకరు, మన లైట్లు అక్కర్లేదు. పగలు చూసి వచ్చేయండి.

మరి ఎక్కడ? కుటుంబంతో పోయేవాళ్లకు నా లెక్కలో అన్నిటికన్నా మంచిది కొండ కింద తెలిసినవాళ్ల తోట. మహానంది, బండి ఆత్మకూరు, రుద్రవరం, అహోబిలం వైపు అడవి అంచు దాకా మామిడి, అరటి తోటలున్నాయి. చుట్టాలో, స్నేహితుల స్నేహితులో ఎవరో ఒకరు దొరుకుతారు. తోటలో మనిషి ఉంటాడు, బోరు ఉంటుంది, గాలివాన వస్తే దూరడానికి చిన్న షెడ్డయినా ఉంటుంది, కొండ మాత్రం కళ్లెదురుగానే ఉంటుంది. అద్దె అడగరు. అయినా ఉత్త చేతులతో పోకండి, కాపలా ఉండే ఇంటివాళ్లకు స్వీట్లో, బ్రెడ్డో, పిల్లలకు నోట్‌బుక్కులో తీసుకుపోండి. తోట ఓనరుతో మాట్లాడామని సరిపెట్టుకోకుండా కాపలా మనిషితో కూడా ముందే మాట్లాడండి, రాత్రి మీకు దిక్కు ఆయనే.

అలాంటి తోట దొరకకపోతే అటవీశాఖ వాళ్ల క్యాంపులున్నాయి. ఆత్మకూరు దాటి దోర్నాల రోడ్డులో బైర్లూటి, నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రోడ్డులో పచ్చర్ల. పడుకోవడానికి గదులో టెంట్లో వాళ్లే ఇస్తారు, భోజనం వాళ్లదే, జీపులో అడవి చూపిస్తారు, పనిచేసేవాళ్లలో చెంచులు ఉంటారు. ముందుగా బుక్ చేసుకుని పోవాలి, వానాకాలంలో మూసి ఉంచే అవకాశం ఉంది కాబట్టి డేట్లు కనుక్కుని సెలవు పెట్టండి. ఆత్మకూరు, దోర్నాల మధ్య అడవి రోడ్డులో రాత్రిపూట బండ్లు వదలరు, కాబట్టి లేటయితే గేటు దగ్గరే ఆగిపోతారు. మొదటిసారి పోయేవాళ్లు, బాగా చిన్నపిల్లలున్నవాళ్లు ఇక్కడితో మొదలుపెట్టినా మంచిదే.

కడప, అనంతపురం వాళ్లు చాలామంది గండికోట అంటారు. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు, టెంట్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు, టూరిజం వాళ్ల హోటలుంది. తెల్లవారుజామున పెన్నా లోయ మీద వెలుతురు పడుతుంటే చూడడం కోసం ఎంత దూరం నుంచైనా పోవచ్చు. కానీ అక్కడ చెట్ల నీడ తక్కువ, గాలి ఎక్కువ. లోయ అంచున చాలా చోట్ల కంచె అంటూ ఏమీ లేదు. ఐదేళ్ల పిల్లను పెట్టుకుని ఆ అంచు దగ్గర రాత్రి పడుకోవడానికి నాకు ధైర్యం చాలదు. అంచుకు బాగా దూరంగా వేసే టెంటు అయితేనే ఒప్పుకోండి.

ఎక్కడికి పోయినా రెండు రోజుల ముందు ఒక ఫోన్ చేయండి. జంతువు ఏదైనా తిరుగుతోందా అని అడగండి. 2024లో మహానంది గుడి చుట్టుపక్కల చిరుత తిరుగుతుంటే ఊరంతా టెన్షన్ పడింది. అలాంటి వార్త ఉంటే టెంటు మానేసి ఇంకో నెలకు మార్చుకోండి. పిల్లలు ఏడిస్తే ఏడవనీ.

ఎప్పుడు

నవంబర్ నెలాఖరు నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా. మార్చి వస్తే ఆకు రాలి కొండంతా ఎండుగడ్డి, ఒక్క నిప్పురవ్వ చాలు, ఎండ సంగతి మన రాయలసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. వానాకాలం వద్దు, దోమలు, బురద, పాములు. నవంబర్లో కూడా బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నమాట వినిపిస్తే ఆగిపోండి. మన వైపు తుపాను వానలు పడేదే అప్పుడు. 2021లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయి రాజంపేట దగ్గర ఊళ్లకు ఊళ్లు మునిగింది నవంబర్ 19నే. కొండ మీద పడిన వాన కింద ఉన్నవాళ్లకు చెప్పి రాదు.

క్యాలెండర్లో తిథి కూడా చూసుకోండి. చుక్కలు చూడాలంటే అమావాస్య దగ్గర పోవాలి, నిజమే. కానీ పిల్లలతో మొదటిసారి అయితే శుద్ధ దశమి నుంచి పౌర్ణమి మధ్యలో పోండి. పొద్దు గుంకే వేళకో, కాసేపటికో చంద్రుడు పైకొస్తాడు, తోటంతా పాలు పోసినట్టుంటుంది, చిన్నపిల్లలకు చీకటి భయం సగం పోతుంది. కార్తీక సోమవారాలు, శివరాత్రి, సంక్రాంతి సెలవులు మాత్రం తప్పించండి, మహానందిలో కారు పెట్టడానికే గంట పడుతుంది.

పోయే ముందు మిద్దె మీద

టెంటు కొన్నా, ఎవరి దగ్గరైనా తెచ్చుకున్నా, పోయే వారం ముందు మిద్దె మీద ఒకసారి వేయండి. ఒక్క పుల్ల తక్కువైనా, జిప్పు పాడైనా అక్కడే తెలిసిపోతుంది. మిద్దె మీద మేకులు దిగవు కాబట్టి నాలుగు మూలలా నీళ్ల క్యాన్లు పెట్టండి. రెండోసారి వేసేటప్పుడు పెద్దల చేయి తగలకుండా పిల్లల్నే వేయనివ్వండి. మా పెద్దోడు ఇప్పుడు పావుగంటలో వేస్తాడు, తోటలో దిగగానే వాడికి పని దొరుకుతుంది, మాకు తల తినడు. ఆ రాత్రి అందరూ అందులోనే పడుకోండి. మేం అలా పడుకున్న రోజే తెలిసింది, అత్తమ్మ నేల మీద నుంచి లేవాలంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని. అప్పటి నుంచి ఆమెకు మడత మంచం, దోమతెర. తోటలో అయితే షెడ్డు వసారాలో వేస్తాం, మా టెంటు పక్కనే.

నలుగురి టెంటు అని రాసి ఉంటే ముగ్గురు పెద్దవాళ్లకు సరిపోతుందని లెక్క. కింద గుడ్డ టెంటుతో కలిపి కుట్టి ఉండాలి, జిప్పు పూర్తిగా మూసుకోవాలి, పైన వాన గుడ్డ వేరేగా ఉండాలి. ఈ మూడూ ఉంటే చాలు, కంపెనీ ఏదైనా. కింద టార్పాలిన్ పట్టా పరిచేటప్పుడు అది టెంటు బయటికి చెయ్యెడు పొడుచుకు రాకుండా లోపలికి మడవండి. బయటికి ఉంటే మంచు, వాన నీళ్లన్నీ పట్టా మీద పడి నేరుగా మీ వీపు కిందికి వస్తాయి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ తెల్లవారుజామున మూడింటికి పరుపు తడిస్తే ఇక ఎవరూ నిద్రపోరు.

మేకుల గురించి. టెంటుతో వచ్చే సన్నమేకులు మన కొండకింద నేలలో ఒక్కటి కూడా నిలబడవు. పైన నాలుగు వేళ్ల మట్టి, కింద గరుసు, రాళ్లు. కొడితే వంగిపోతాయి. మా ఆయన వెల్డింగ్ షాపులో ఇనుప కమ్మీని అడుగు పొడవు ముక్కలు కోయించి, ఒక కొస కొక్కెంలా వంచించి తెచ్చాడు, పది ముక్కలు, ఇప్పటిదాకా అవే. సుత్తి మర్చిపోవద్దు. అదీ దిగకపోతే తాడును పెద్ద రాయికి కట్టేయండి.

చలి మన ఊళ్లో ఉన్నట్టుండదు. మహానంది వైపు కొండ తూర్పున ఉంటుంది, పొద్దు పొడిచినా ఎండ కొండ దాటి మన మీద పడేసరికి బాగా లేటవుతుంది, అప్పటిదాకా మంచు కారుతూనే ఉంటుంది. స్లీపింగ్ బ్యాగులు కొనాల్సిన పని లేదు. కింద చాప, దాని మీద బొంత, పైన కప్పుకోవడానికి ఉన్ని కంబళి. మన కురుబోళ్లు నేసిన పాత నల్ల కంబళి ఇంట్లో ఉంటే దానికి మించింది లేదు. పైన కప్పుకునేదాని కన్నా కింద పరుచుకునేది రెండింతలు ఉండాలి, చలి నేలలోంచి ఎక్కుతుంది. పిల్లలకు మంకీ క్యాపు, సాక్సులు. పడుకునే ముందు బట్టలు మార్చండి, పగలంతా చెమట పట్టిన బట్టలతో పడుకుంటే వణుకు ఆగదు.

నీళ్లు, తిండి

మనిషికి తాగడానికి మూడు లీటర్లు, వంటకు ఇంకో లీటరున్నర. ఆరుగురికి ఒక పగలూ రాత్రికి 27 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు రెండు పెట్టుకోండి, మిగిలితే మిగలనీ. వంక నీళ్లు ఎంత తేటగా కనిపించినా కాచకుండా తాగొద్దు, పైన పశువులు తాగి ఉంటాయి. కడుక్కోవడానికి బోరు నీళ్లు సరిపోతాయి. కానీ తోట మోటార్లకు కరెంటు రోజంతా ఉండదు, ఏ టైంకి వస్తుందో కాపలా మనిషిని అడిగి, తొట్టి, బకెట్లు అప్పుడే నింపుకోండి.

తిండి విషయంలో చాలామంది అక్కడ బిర్యానీ వండుదాం, కోడి కాలుద్దాం అనుకుంటారు. ఒక్క రాత్రికి అంత వద్దు. వండేవాళ్లు వండుతూనే ఉంటారు, ఆ వండేది ఎవరో మనకు తెలుసు కదా, ఆడవాళ్లకు కొండ వైపు తలెత్తి చూసే తీరిక కూడా దొరకదు. మేం రాత్రికి ఇంటి నుంచే ఎండబెట్టిన జొన్నరొట్టెలు, బుడ్డల (వేరుశనగ) చట్నీపొడి, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) కారం, చిత్రాన్నం తీసుకుపోతాం. అక్కడ వేడిగా చేసేది పప్పు ఒక్కటే, అది కూడా కుక్కర్లో. కరకరలాడే రొట్టెలు రెండు రోజులైనా చెడవు, వేడి పప్పులో నంచుకుంటే పిల్లలు కూడా తింటారు.

పొద్దున మాత్రం ఉగ్గాణి. టెంటు పక్కన చేసుకోవడానికి దీని కన్నా మంచి టిఫిన్ ఉందని నేననుకోను. ఆరుగురికి ముప్పావు కిలో బొరుగులు (మరమరాలు). సంచి పెద్దగా ఉంటుంది కానీ బరువుండదు. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు ఇంటి దగ్గరే తరిగి డబ్బాలో పెట్టుకోండి, పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి కలిపి పొడి కొట్టుకోండి. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి బొరుగులు వేసి, రెండు చేతులతో ఒకసారి ముంచి, మెత్తబడగానే గుప్పెడు గుప్పెడు పిండి పక్కన పెట్టాలి. నానబెట్టి మాటల్లో పడ్డారంటే ముద్దయిపోతుంది. స్టవ్ మీద నూనె, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, మిరపకాయలు, ఎర్రగడ్డ, కాస్త టమాటా, పసుపు, ఉప్పు. మగ్గాక బొరుగులు వేసి కలిపి దించి, పొడి చల్లి నిమ్మకాయ పిండడమే. మొత్తం ఇరవై నిమిషాలు. బొరుగులు ముంచిన నీళ్లు పారబోయకుండా గిన్నెలకు వాడుకోండి. ఉగ్గాణికి బజ్జీ లేకపోతే ఎలా అంటారు, నాకూ అనిపిస్తుంది, కానీ నేల మీద స్టవ్, దాని మీద కాగే నూనె, చుట్టూ పరుగెత్తే పిల్లలు, వద్దు. వేయించిన బుడ్డలు నంచుకోండి.

స్టవ్ అంటే ఐదు కిలోల చిన్న సిలిండర్, ఒక్క పొయ్యి. టెంటుకు పది అడుగుల దూరంలో, చదును రాయి మీద పెట్టండి, టెంటు లోపల ఎట్టి పరిస్థితుల్లో వెలిగించొద్దు. చలిమంట వేయాలనుంటే ఓనరును అడిగి, తోటలో గడ్డి లేని చోట, మట్టి గీకేసి, చిన్నది వేయండి. అడవి గట్టు దాటి వద్దే వద్దు. పడుకునే ముందు నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, మళ్లీ పోసి, అరచెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగలాలి. పైన బూడిద చల్లారినట్టే ఉంటుంది, కింద కణకణలాడుతుంటుంది.

మిగిలిన తిండి ఏదీ టెంటులో పెట్టొద్దు, బిస్కెట్ ప్యాకెట్ కూడా. స్టీలు డబ్బాల్లో మూత బిగించి కారులో పెట్టి అద్దాలు ఎక్కించండి. పగలు కోతులు, రాత్రి అడవిపందులు, అప్పుడప్పుడు ఎలుగుబంటి, అన్నీ వాసనకే వస్తాయి. ఎంగిలి ఆకులు, ప్లాస్టిక్కు ఒక సంచిలో కట్టి ఇంటికి తెచ్చుకోండి. మహానంది, అహోబిలం దారుల్లో కోతులు ప్లాస్టిక్ కవర్లు నమలడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చీకటి పడ్డాక

ఇది ఒకటికి రెండుసార్లు చదవండి. మా తోట కాపలా పెద్దాయన మాట, "పొద్దు గుంకినాక దీపం వెలుగు దాటొద్దు." మాకు అదే రూలు. పిల్లల్ని ఒంటేలుకైనా ఒంటరిగా పంపొద్దు, పెద్దవాళ్లు తోడు పోవాలి, టార్చి నేలకు కొట్టుకుంటూ, బూట్లు వేసుకుని. చెప్పులు చాలవు.

పక్క పొలాల్లోకి మాత్రం రాత్రిపూట అడుగు పెట్టకండి. అడవి అంచున శనగో, వేరుశనగో, మొక్కజొన్నో వేసినవాళ్లు కొందరు పందుల కోసం కరెంటు తీగలు లాగుతారు. చట్టప్రకారం తప్పే, అయినా లాగుతారు, మనుషులు చచ్చిపోయిన సందర్భాలు ఎన్నో విన్నాం. సన్నటి తీగ, మోకాలి ఎత్తున, టార్చి వేసినా కనబడదు. దిగగానే కాపలా మనిషిని "ఏ పక్కన తీగలు ఉన్నాయి" అని నేరుగా అడగండి.

పాముల గురించి భయపడక్కర్లేదు కానీ తెలుసుకోవాలి. నాగుపాము, రక్తపింజరి సంగతి అందరికీ తెలుసు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వచ్చేది కట్లపాము. కరిచినా నొప్పి పెద్దగా తెలియదు, గాటు కూడా సరిగా కనబడదు, కాసేపటికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం. అందుకే టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి, ఒక్క నిమిషం బయటికి పోయినా సరే. మంచం మీద పడుకునేవాళ్లకు దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి, వేలాడదీస్తే లాభం లేదు. పొద్దున బూట్లు దులిపి వేసుకోవాలి. రాళ్లు, కట్టెలు వట్టి చేత్తో ఎత్తొద్దు, కింద తేళ్లు, మండ్రగబ్బలు ఉంటాయి. నోట్లు చూసే నీలం లైటు టార్చి ఒకటి కొనుక్కోండి, ఆ వెలుతురులో తేలు పచ్చగా మెరుస్తుంది. పడుకునే ముందు టెంటు చుట్టూ దాంతో ఒక చుట్టు తిరగడం మా పెద్దోడి డ్యూటీ, వెనక మా ఆయన.

ఒకవేళ కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు, నాటుమందు కోసం తిరగొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా పుల్ల పెట్టి గుడ్డతో వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా కారులో పడుకోబెట్టి ఆస్పత్రికి. 108కి ఫోన్ చేయండి, అది వచ్చేలోపు మన కారే దగ్గర అనిపిస్తే బయల్దేరిపోండి. పామును చంపి తీసుకురానక్కర్లేదు, పైన చెప్పిన మూడు రకాల విషపు పాములకూ మందు ఒకటే. మహానంది వైపైతే నంద్యాల ప్రభుత్వ ఆస్పత్రి, బైర్లూటి వైపైతే ఆత్మకూరు. దారి పగలే చూసి పెట్టుకోండి, కారు ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా ఆపండి, తాళాలు టెంటులో ఒక కొక్కేనికి తగిలించండి. కొండ కింద సిగ్నల్ ఒక చోట ఉంటుంది, నాలుగడుగులు వేస్తే ఉండదు. ఎక్కడ ఉందో వెలుతురులోనే కనిపెట్టుకోండి, ఎక్కడున్నామో, ఎప్పుడొస్తామో ఊళ్లో ఒకరికి చెప్పి రండి. అత్తమ్మ బీపీ మాత్రలు నేను నా హ్యాండ్‌బ్యాగులోనూ, కారులోనూ రెండు చోట్లా పెడతా.

ఇంత చెప్పాక పిల్లలకు ఏం తోస్తుంది అనొచ్చు. మేం ఆరున్నర కల్లా భోజనాలు ముగించేస్తాం. ఆ తర్వాత అన్ని లైట్లూ ఆపి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చుంటాం. మొదటి రెండు నిమిషాలు ఏమీ వినబడదు. ఆ తర్వాత కొండ మీద నుంచి ఒక్కొక్కటే మొదలవుతుంది, ఎక్కడో ఎండుటాకుల మీద ఏదో నడుస్తుంది, గుడ్లగూబ, కీచురాళ్లు, దూరంగా ఊళ్లో కుక్కలు. చిన్నది నా చెవిలో లెక్క చెబుతుంది, "అమ్మా, ఆరు సౌండ్లు." తర్వాత అత్తమ్మ కథ. నల్లమల కింద పడుకుని చెంచులక్ష్మి కథ వినడం వేరు. నరసింహస్వామి చెంచుల ఇంటి అల్లుడని, అందుకే సంక్రాంతి అయ్యాక పారువేటకు అహోబిలం నుంచి ఊరూరా తిరుగుతాడని ఆమె చెబుతుంటే, ఆ కొండ ఎదురుగానే ఉంటుంది. ఎనిమిదిన్నరకు పిల్లలు నిద్రపోతారు.

పొద్దున

టెంటు తడిగా ఉంటుంది, విప్పే తొందర పెట్టుకోవద్దు. ఉగ్గాణి తిని, మహానంది దగ్గరే అయితే కోనేట్లో స్నానానికి పోండి. ఎప్పుడూ పారే ఊట నీళ్లు, అడుగున రూపాయి బిళ్ల వేసినా కనిపించేంత తేట. తిరిగొచ్చేసరికి ఎండ పడి టెంటు సగం ఆరి ఉంటుంది. అహోబిలం వైపు ఉన్నవాళ్లు జ్వాలా నరసింహుడి దాకా నడవాలనుకుంటే పొద్దున్నే బయల్దేరండి. భవనాశి పక్కన రాళ్ల దారి, మెట్లు, చిన్నపిల్లలతో పూట పడుతుంది. పెద్దవాళ్లను ఎగువ అహోబిలం గుడి దగ్గరే కూర్చోబెట్టండి. మొదటిసారే టెంటు, కొండెక్కడం, గుడులన్నీ ఒక్క ట్రిప్పులో పెట్టుకుంటే ఎవరికీ ఏదీ మిగలదు, ఒళ్లునొప్పులు తప్ప.

విప్పేటప్పుడు మేకులు లెక్కపెట్టుకోండి, మాకు ప్రతిసారీ ఒకటి తక్కువే. తాళ్లు, సీసా మూతలు, చాక్లెట్ కాగితాలు, అన్నీ ఏరాక అందరూ ఒక వరుసలో నిలబడి ఆ జాగాలో ఒకసారి నడవండి. ఇంటికి చేరిన సాయంత్రమే టెంటును మిద్దె మీద పరిచి రెండు పక్కలా ఆరబెట్టండి. రేపు చూద్దాంలే అని తడిగా సంచిలోనే వదిలేస్తే వారంలో నల్ల బూజు పడుతుంది, కుట్ల దగ్గర పట్టిన వాసన ఎన్ని ఎండలు పెట్టినా పోదు. మా మొదటి టెంటు అలాగే పోయింది. ఇప్పుడున్నదాన్ని ఆరాక పౌడరు చల్లి, జిప్పులకు కొవ్వొత్తి రుద్ది, కంబళితో కలిపి అటక మీద పెడతాం, మేకుల సంచి దాని మీదే.